విడిది గదులకు వేడినీళ్లు

ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు పక్కన ఉన్న ఒక ఫంక్షన్ హాలుకు నేను మేనేజర్‌ని. ఆ హాలు కట్టిన నేల ఒకప్పుడు మాది. ఈ మాట చెప్పి ఎవరి దగ్గరా జాలి ఆశించను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నన్ను చూస్తే ఇంకా లేచి నిలబడతారు. యజమాని నన్ను పనిలో పెట్టుకున్నది అందుకే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

విడిది గదులకు కండెన్సింగ్ బాయిలర్ పెట్టించింది నేనే. కట్టెల బాయిలర్ చాలన్న యజమానితో వాదించి మరీ పెట్టించాను. మామూలు బాయిలర్ పొగతో పాటు చాలా వేడిని బయటికి వదిలేస్తుంది. ఇది ఆ పొగలోని ఆవిరిని నీరుగా మార్చి, దానిలోని వేడిని కూడా లాక్కుంటుంది. దేన్నీ పారేయని యంత్రమని నాకు ముచ్చటేసింది. చాలా పారేసుకున్న ఇంట్లో పుట్టినవాడికి అలా అనిపించడంలో వింత లేదు.

కానీ ఆ చలికాలం అది సరిగ్గా పెళ్లి రోజుల్లోనే ఆగిపోయేది. మెకానిక్ వచ్చేది పెళ్లి లేని రోజు మధ్యాహ్నం. అప్పుడు బాయిలర్ ఏ పేచీ పెట్టేది కాదు. గ్యాస్ ప్రెషర్ బాగానే ఉందని చెప్పి వెళ్లేవాడు. ఇంకోసారి ఆగితే దాన్ని తీసేస్తానన్నాడు యజమాని.

అప్పుడే కొంగరకలాన్ వైపు నుంచి ఒక రైతు తన చిన్న కూతురి పెళ్లికి హాలు మాట్లాడుకున్నాడు. వాళ్ల నాన్న మా పొలాల్లో పనిచేసినవాడు. రైతు గదులన్నీ చూసి, నల్లా తిప్పి, నీళ్ల కింద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"పెద్దదాని పెండ్లిల మగపెండ్లోల్లకు సల్లనీళ్లు వచ్చినయ్ దొరా. పిల్ల ఇప్పటికీ అత్తగారింట్ల ఆ మాట పడుతున్నది. ఈసారి నీళ్ల సంగతి మీ మీదనే ఇడిసిపెడుతున్న."

సరే అన్నాను. మా ఇంట్లో సరే అంటే పని అయిపోయినట్టే.

పెళ్లి రోజు పొద్దున్నే మగపెళ్లివారు దిగారు. నేను బాయిలర్ గదిలో నిలబడ్డాను. గ్యాస్ పైపు మీద ప్రెషర్ చూపించే ముల్లు ఉంది. వంటశాలలో కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినిపించింది. ముల్లు దిగింది. ఇంకా దిగింది. బాయిలర్‌లో మంట వణికి ఆరిపోయింది. యంత్రం మళ్లీ మళ్లీ వెలగబోయి, చివరికి ఎర్రలైటు వేసుకుని ఊరుకుంది.

అప్పుడు అర్థమైంది. మా హాలుకు వచ్చే వంటవాళ్లకు ఒక ఆచారం ఉంది. పెళ్లి వంటకు ముందు భట్టీలనే పెద్ద గ్యాస్ పొయ్యిలన్నింటికీ పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఒకే కర్పూరంతో అన్నీ ముట్టిస్తారు. తలంబ్రాలు పడేదాకా ఏదీ ఆరకూడదు. కట్టెలతో గాడిపొయ్యి మండించిన రోజుల నుంచి వస్తున్న పద్ధతి. గంజులు, అంటే పెద్ద వంట గిన్నెలు, ఎక్కకముందే భట్టీలన్నీ భగభగ మండుతుంటాయి. వాటికీ బాయిలర్‌కూ గ్యాస్ ఒకే పైపులో వస్తుంది. పైగా చలికి సిలిండర్లు చల్లబడి, గ్యాస్‌ను అడిగినంత వేగంగా ఇవ్వవు. ఉన్నదంతా భట్టీలు లాగేసుకుంటే బాయిలర్‌లో గాలి ఎక్కువై, గ్యాస్ చాలక, మంట నిలవడం లేదు. యంత్రంలో లోపమేమీ లేదు. సరిగా మండలేనప్పుడు ఆగిపోయేలాగే దాన్ని చేశారు.

మంట తగ్గించమని వంటశాలకు వాచ్‌మన్‌ను పంపాను. వంటవాళ్లకు పెద్ద ఒక నడివయసు ఆవిడ. కుదరదని చెప్పి పంపింది. ఇంకాస్త గట్టిగా చెప్పమని మళ్లీ పంపాను. చెప్పేది ఉంటే దొరనే రమ్మన్నదని వాచ్‌మన్ తల దించుకుని చెప్పాడు.

మా ఇంటి మగవాళ్లు వంటింటి గడపలో నిలబడి ఏదీ అడగరు. కబురు పంపుతారు, పని జరుగుతుంది. గదుల వైపు చూశాను. పెళ్లికూతురి తండ్రి తువ్వాళ్లు భుజాన వేసుకుని ఒక్కో తలుపు దగ్గరా ఆగి, వేడినీళ్లు ఇప్పుడే వస్తాయని చెప్పుకుంటూ వెళ్తున్నాడు. లోపలి నుంచి ఎవరో ఏదో అన్నారు. ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు.

వంటశాలకు వెళ్లాను. ఆవిడ బియ్యం కడుగుతోంది. తల ఎత్తలేదు.

"పిల్ల పెండ్లి పొయ్యిలు ఆర్పమంటరా దొరా?"

"ఆర్పొద్దు. గంజు ఎక్కని భట్టీలు జర సన్నగ జేయమంటున్న. నీళ్లు కాగేదాక."

"అడుగుతున్నరా, హుకుం జేస్తున్నరా?"

ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్ల చేతులు ఆగాయి.

"అడుగుతున్న అక్కా."

ఆవిడ నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది. "గీ మాట ముందే వచ్చి అంటె ఎప్పుడో అయిపోతుండె గద" అంటూ లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఒక్కో భట్టీ వాల్వూ తిప్పుతూ వెళ్లింది. ఏదీ ఆరలేదు. మంటలన్నీ నీలంగా, సన్నగా నిలిచాయి.

తిరిగి వచ్చేసరికి ముల్లు లేచి ఉంది. మీట నొక్కితే బాయిలర్ వెలిగింది.

కాసేపటికి పెళ్లికూతురి తండ్రి పరుగున వచ్చాడు. నీళ్లు మరీ కాగాయని, చెయ్యి కాలిందని పెళ్లికొడుకు మేనమామ కోప్పడుతున్నాడట. ఫిర్యాదు మోసుకొచ్చిన మనిషి ముఖంలో అంత సంతోషం నేను ఎన్నడూ చూడలేదు. చల్లనీళ్లు కలుపుకోమని చెప్పాను. అంతకుముందు ఏం జరిగిందో చెప్పలేదు.

ఆ తర్వాత బాయిలర్‌కు వేరే పైపు వేయించాం. ఇప్పుడు నేను వంటశాలకు వెళ్లాల్సిన పని లేదు. అయినా పెళ్లి ఉన్న పొద్దున ఒకసారి వెళ్తాను. ఆవిడ చాయ్ ఇచ్చి, కూర్చోమని పీట జరుపుతుంది. నిలబడే తాగుతాను.