మగపిల్లలు గ్రౌండుకి

బాలత్రిపురసుందరి అనే పేరును ఆ బడిలో ఎవరూ పూర్తిగా పలికిన పాపాన పోలేదు. పిల్లలకు ఆమె బాలా టీచర్, హెడ్మాస్టరు శౌరయ్యకు బాలమ్మగారు. పెడనలో మగ్గాల ఇంట పుట్టి, తెగిన పోగును వేళ్ళతో వెతికి ముడివెయ్యడం అక్షరాల కంటే ముందే నేర్చుకున్న మనిషి. చదువుకుని సైన్సు టీచరైంది. హనుమాన్ జంక్షన్‌లో అద్దెకుంటూ, బస్సూ ఆటో మారి కొల్లేటి ఒడ్డున ఉన్న హైస్కూలుకు వచ్చేది. ఆ ఊరి చేపల వాసన అమ్మ చీరలకు పట్టేసిందని కూతురు జ్యోతిర్మయి వెక్కిరిస్తుండేది.

యాభై దాటాక ఆమెకు కంప్యూటరు పిచ్చి పట్టింది. కరోనా రోజుల్లో బడి మూతపడితే ఫోన్లో పాఠాలు చెప్పమన్నారు. అప్పటికి ఆవిడకు ఫోన్ ఎత్తడం, పెట్టెయ్యడం తప్ప మరేమీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడే రకం కాదు కాబట్టి పిల్లల్నే అడిగి నేర్చుకుంది. తర్వాత బడికి డిజిటల్ బోర్డు వచ్చింది. మిగతా టీచర్లు దానికి గుడ్డ కప్పి, దూరం నుంచే దణ్ణం పెట్టి ఊరుకుంటే, ఈవిడ దాని మీద గుండె కొట్టుకోవడం చూపించింది. కప్పను కొయ్యకుండానే దాని కడుపులో ఏముందో చూపించింది. పాఠమంటే నిద్రపోయే వెనక బెంచీ కూడా ముందుకు జరిగింది.

ఆ బోర్డు మొరాయిస్తే దారిలో పెట్టేవాడు పదో తరగతి శివాజీ. చేపల షెడ్డులో కాటా వేసే నాగబాబు కొడుకు. సాయంత్రం తండ్రి ఫోన్ అతని చేతికొచ్చేది. టీచర్ వాట్సాప్ గ్రూపులో పంపిన పాఠం అందని పిల్లల ఇళ్ళకు వెళ్ళి మరీ చూపించి వచ్చేవాడు. అందుకే టీచర్ తనతోపాటు అతన్నీ గ్రూపుకు అడ్మిన్ చేసింది.

"నేను రిటైరయ్యాక నా కుర్చీ నీదేరా" అనేది.

"అప్పటికి కుర్చీలుండవు టీచర్, అన్నీ రోబోలే" అనేవాడు.

ఆవిడకు ఒక భయముంది. జ్యోతిర్మయి విజయవాడలో ఇంటర్ చదివే రోజుల్లో ఎవడో ఆ పిల్ల ఫొటో పట్టుకుని దొంగ అకౌంటు తెరిచాడు. పిల్ల హాస్టల్ గది దాటి బయటికి రాకపోతే తల్లి సెలవు పెట్టి వెళ్ళి పక్కన కూర్చుంది. ఇప్పుడు ఆ అమ్మాయి బాగానే ఉంది, బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటోంది. తల్లికి మాత్రం ఆ రోజులు మరుపుకు రాలేదు. పిల్లల చేతికి ఫోనిచ్చి చదువుకోమన్నది నేనే, వాళ్ళని కాపాడాల్సిందీ నేనే అనుకుంది.

ఒక శనివారం ఆఖరి పీరియడ్లో క్లాసుకు వచ్చి, "మగపిల్లలంతా గ్రౌండుకి వెళ్ళండి. ఆడపిల్లలతో మాట్లాడాలి" అంది.

మగపిల్లలు బతుకు జీవుడా అని పరుగెత్తారు. శివాజీ ఒక్కడు బోర్డు వైరు సర్ది, గుమ్మం దగ్గర ఆగాడు.

"మాకేం లేదా టీచర్?"

ఆవిడ నవ్వింది. "మీకేంట్రా, మగపిల్లలు. పో, పోయి ఆడుకో."

తలుపేసి ఆడపిల్లలకు అంతా చెప్పింది. దాపరికం లేకుండా, తల్లి కూడా చెప్పనంత వివరంగా చెప్పింది. కొత్తవాళ్ళు ఎలా మాట కలుపుతారో, ఎలా ఫొటో అడుగుతారో, తర్వాత ఎలా బెదిరిస్తారో చెప్పింది. "ఎవరేం పంపినా, ఆఖరికి మీరేం పంపినా, బెదిరించినవాడిదే తప్పు. భయపడి దాచుకోవద్దు. ముందు నా దగ్గరికి రండి. నేను తిట్టను" అంది. ఆ మాట గాలికి పోలేదు. ఉష అనే పిల్ల కొద్దిరోజులకే ఏడుస్తూ వచ్చింది. టీచర్ ఆ పిల్ల తల్లితో మాట్లాడింది, పోలీసులకు చెప్పించింది, గొడవను మొగ్గలోనే తుంచేసింది. గట్టెక్కించానని ఆవిడ కాస్త గర్వపడింది కూడా.

పరీక్షలు దగ్గర పడుతుండగా శివాజీ క్లాసు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. పొరపాటున చెయ్యి తగిలిందేమో అనుకుంది. తర్వాత బడికీ రాలేదు.

"చెరువుల్లో చేపలు పట్టే రోజులు కదండీ. షెడ్డులో సాయానికి వెళ్ళుంటాడు. పరీక్షలకి వాడే వస్తాడులెండి" అన్నాడు శౌరయ్య.

ఆవిడ మనసు ఒప్పక ఇంటికి వెళ్ళింది. తల్లి గంగాదేవి పీట వేసి, తను గుమ్మంలో నిలబడింది. "వాళ్ళ నాన్న ఫోను తీసుకెళ్ళి చెరువులోకి ఇసిరేశాడండి టీచరుగారూ. ఎందుకురా అంటే నోరు మెదపడు. ఆయన కొట్టాడు. కొట్టినా చెప్పలా. ఇంక చదవనంటన్నాడు" అంది.

శివాజీ చెరువు గట్టు మీద దొరికాడు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. చిక్కిపోయాడు. టీచర్ వెళ్ళి పక్కనే మట్టిలో కూర్చుంది. అతను నీళ్ళకేసి చూస్తూ అడిగాడు.

"ఆ రోజు ఆడపిల్లలకి ఏం చెప్పారు టీచర్?"

ఆవిడ ఆ రోజు చెప్పినదంతా, ఒక్క మాట వదలకుండా, అతనికి చెప్పింది. బెదిరించినవాడిదే తప్పు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి శివాజీ మొహం చేతుల్లో దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఏడుపు మధ్య బయటపెట్టాడు. ఫోన్లో ఆట ఆడుతుంటే ఒక అమ్మాయి పరిచయమైందట. అమ్మాయి కాదని తర్వాత తెలిసిందట. పంపకూడని ఫొటో ఒకటి పంపాడు. ఇక అవతలివాడు వదల్లేదు. మీ క్లాసు గ్రూపులో నన్ను చేర్చు, చేర్చకపోతే నీ ఫొటో మీ నాన్న ఫోన్లో ఉన్న అందరికీ పంపిస్తానన్నాడు.

"గ్రూపులో ఆడపిల్లలున్నారు కదా టీచర్. నేను అడ్మిన్ని. ఎట్టా చేరుస్తాను?" అన్నాడు. "అందుకే నేనే బయటికొచ్చేశా. అయినా వాడు మెసేజీలు పెడతానే ఉన్నాడు. ఏం చెయ్యాలో తెలీక ఫోన్ నీళ్ళలో పడేశా."

పోయిన ఫోన్ కోసం అందరూ తిట్టిన ఆ పిల్లాడు, తన పరువు పోయినా సరేనని క్లాసునంతా కాపాడాడు. అతన్ని కాపాడవలసినవాళ్ళు ఆడుకోమని పంపించారు. టీచర్ అతని తల నిమిరింది. ఏమీ కాదనీ, ఫిర్యాదు ఇద్దామనీ, ఇంట్లో పెద్దవాళ్ళు తోడుంటే మంచిదనీ చెప్పింది. చాలాసేపటికి ఒప్పుకున్నాడు.

"నాన్నకి మీరే చెప్పండి టీచర్. నేను చెప్పలేను. చెప్పేస్తే బడికి వస్తా."

మర్నాడు పొద్దున్నే ఆవిడ షెడ్డుకు వెళ్ళింది. లోడు ఎత్తుతున్నారు. ఒకవైపు ఆడవాళ్ళు చేపలు ఏరుతున్నారు, మగవాళ్ళు ట్రేల్లో ఐసు కొడుతున్నారు. శివాజీ ట్రేలు మోస్తూ, టీచర్ని చూసి ఆగిపోయాడు. ఆవిడ నాగబాబును కాటా పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, చెప్పగలిగినంత నెమ్మదిగా చెప్పింది.

నాగబాబు చెడ్డవాడు కాదు. కొడుకు గంజాయికి మరిగాడేమోనని లోలోపల కుమిలిపోతున్న మనిషి. విషయం విన్నాక గుండెల మీద కుంపటి దించినట్టయి, పెద్దగా నవ్వేశాడు.

"ఓస్, ఇంతేనా మేడం గారూ. ఏమైపోయాడో అని హడలి చచ్చానండి. ఆడపిల్లయితే తలెత్తుకోలేక చావాలి గానీ, మగోడికేం పోద్దండీ? ఆకుకి భయం గానీ ముల్లుకేం భయం?"

"నాగబాబు గారూ, నెమ్మదిగా."

అతను అప్పటికే కొడుకు వైపు తిరిగాడు. "ఏరా హీరో, ఫొటోలు పంపేంతోడివి అయ్యావంటరా" అని కేకేశాడు. ముద్దుగానే అన్నాడు. ఐసు కొట్టేవాళ్ళకు ఏమీ అర్థం కాకపోయినా, కాటా నాగబాబు నవ్వాడని వాళ్ళూ నవ్వారు.

శివాజీ నవ్వలేదు, ఏడవలేదు. చేతిలో ట్రే కిందపెట్టి, చేపల లోడుతో అస్సాం బయల్దేరబోతున్న లారీ ఎక్కి క్యాబిన్లో కూర్చున్నాడు. టీచర్ పరుగెత్తుకెళ్ళి తలుపు పట్టుకుంది.

"దిగరా నాన్నా. నా మాట విను."

"మీరు బడికెళ్ళండి టీచర్. ఆలస్యమవుద్ది" అన్నాడు ముందుకు చూస్తూ.

"పోనివ్వండి మేడం గారూ, ఒక ట్రిప్పు తిరిగొస్తే వాడికే బుద్ధొస్తుంది" అన్నాడు నాగబాబు. లారీ కదిలింది. లారీ తిరిగి వచ్చింది గానీ శివాజీ రాలేదు. అక్కడి చేపల మార్కెట్లో పని దొరికిందని డ్రైవరు చెప్పాడు. పదో తరగతి పరీక్షలకు అతని బల్ల ఖాళీగా ఉంది. నాగబాబు ఇప్పుడు కాటా దగ్గర ఎవరితోనూ మాట్లాడడంలేదట.

బాలా టీచర్ తొమ్మిదో తరగతికి అదే పాఠం మళ్ళీ చెప్పింది. ఈసారి ఎవర్నీ గ్రౌండుకు పంపలేదు. బెల్లు కొట్టాక ముగ్గురు మగపిల్లలు బల్లల్లోంచి లేవలేదు. వాళ్ళలో చిన్నవాడు అలాంటి బెదిరింపునే ఎప్పటినుంచో ఎవరికీ చెప్పుకోలేక మోస్తున్నాడని తెలిసింది. ఇన్నేళ్ళుగా ఎంతమందిని ఆడుకోమని పంపిందో లెక్క తెలియదు.

సెలవులకు ముందు గంగాదేవి బడికి వచ్చింది. షెడ్డు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు తడిగా ఉన్నాయి.

"పోలీసు కాయితం మీద తల్లి సంతకం చెల్లుద్దా అండీ?" అంది.

"చెల్లుద్దమ్మా."

సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇవ్వడానికి ఇద్దరూ విజయవాడ బస్సెక్కారు. గన్నవరం దాటేదాకా గంగాదేవి కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. తర్వాత టీచర్ చెయ్యి పట్టుకుంది.

"వాడు నాతో మాట్లాట్టంలేదండి. మీకు ఎప్పుడన్నా ఫోన్ చేస్తే ఒక్క మాట చెప్పండి టీచరుగారూ. ఆ రోజు షెడ్డులో చేపలేరతా నేనూ అక్కడే ఉన్నాను. నేను నవ్వలేదని చెప్పండి."