శారద టీచర్ వ్యానులో ప్లైవుడ్ నేల

ఈ సాయంత్రం నాలుగు గంటలకు, చిక్కడపల్లిలో మా పక్కింటి శారద టీచర్ చక్రాల కుర్చీ వ్యానులోకి ఎక్కలేదు. ఆమె తల తలుపు పై అంచుకు తగిలింది.

ఆమె నడవలేరు. ఇన్నాళ్లూ నారాయణగూడలో బడి ముందు, పిల్లలందరూ చూస్తుండగా, భర్త సుబ్బారావుగారు, రిక్షా అతనూ ఆమెను ఎత్తి దింపేవారు. అది ఆమెకు కష్టంగా ఉండేది. అందుకే ఆయన పాత రొట్టెల వ్యాను కొన్నారు. గాడులున్న ఇనుప నేల మీద చెక్క బద్దెలు పరిపించి, పైన ప్లైవుడ్ వేయించారు. టేపు ఆయన పట్టారు, కొలతలు నేను రాశాను. తలుపు ఎత్తు సరిగ్గానే రాశాను. అందులోంచి బద్దెల మందం, ప్లైవుడ్ మందం తీసెయ్యలేదు.

వడ్రంగి రాజయ్య మాత్రం మరలు బిగించలేదు. “ఎక్కేది మీరు గాదు గద సార్. జర అమ్మను కూసోబెట్టి చూడుండ్రి,” అని ఆమెను పిలిపించింది అతనే.

శారదగారు తల తడుముకుని కిందికి చూశారు. “ఈ బద్దెలు ఎందుకండీ?”

“గాడులున్నయమ్మా, చెక్క ఊగుతది.”

“గాడుల్లోకే సన్న పట్టీలు దించితే?”

రాజయ్య సుబ్బారావుగారి వైపు తిరిగాడు. “ముందుగాల అమ్మనే అడిగితే అయిపోతుండె సార్.”

బద్దెలు తీసేసి, గాడుల్లో సన్న పట్టీలు దించి, పైన ప్లైవుడ్ మళ్లీ వేశారు. ఆరింటికి కుర్చీ లోపలికి వెళ్లింది. తలకూ తలుపుకూ మధ్య రెండు వేళ్ల సందు మిగిలింది. టేపు పట్టే ముందు వాడుకునే మనిషిని అడగాలని మీకైనా తోచేదా? మాకు తోచలేదు.

నెలల తరబడి మూసి ఉన్న బడిని రేపు తెరుస్తున్నారు. వ్యాను ఎనిమిదిన్నరకు బయలుదేరుతుంది. తొమ్మిదింటికి బడి గేటు దగ్గర వాలు చెక్క వేస్తారు. చక్రాలు తానే తిప్పుకుంటూ దిగుతానని శారదగారు చెప్పారు.