ఝరాసంగంలో ట్రాక్టరు రంగు రైఫిల్

నాకు పాత మిలిటరీ రైఫిళ్లంటే పిచ్చి. కొనను, పేల్చను, చూసి, వాటి మీది ముద్రలు రాసుకుంటాను. నా బ్లాగు చదివే మాణిక్ రెడ్డి అనే రైతు ఝరాసంగం దగ్గర్నుంచి ఫోన్ చేశాడు. "మా తాత పులిని కొట్టిన తుపాకి ఉన్నది సార్. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా ఠాణాల పెట్టాలె, మల్ల తెచ్చుకోవాలె. పులి సంగతి అబద్ధమైతే సర్కారుకే ఇచ్చెయ్యమని మా ఇంటామె ఒక్కటే లొల్లి. మీరొచ్చి జర తేల్చున్రి."

ఆదివారం ఆరున్నరకు లింగంపల్లిలో బస్సెక్కి తొమ్మిదింటికి జహీరాబాద్‌లో దిగాను. అక్కణ్నుంచి షేర్ ఆటోకు నలభై రూపాయలు. ముగ్గురు కూర్చునే చోట ఐదోవాణ్ని నేను. నేను వచ్చిన పని విని డ్రైవరు, "గా పులి ఏడాదికొక జానెడు పెరుగుతది సార్" అన్నాడు.

మాణిక్ రెడ్డి లైసెన్సు చూపించి, ఖాళీదేనని తెరిచి చూపించి, తుపాకిని మంచం మీద పెట్టాడు. చెక్కంతా నిగనిగలాడే ఎర్ర రంగు! "దసరాకు ట్రాక్టరుకు ఏసినంక మిగిలింది సార్. ఆయుధపూజ గద!" భూతద్దం పెట్టి అరగంట వెతికాను. గొట్టం పొడవునా ఉండాల్సిన చెక్కను ఎవరో సగానికి కోసేశారు. వెనక గడియలా మూసే బోల్టు మీద ఒక నంబరు, తుపాకి ఒంటి మీద ఇంకో నంబరు; అంటే రెండు తుపాకుల ముక్కలు. గొట్టం లోపల తూటాను తిప్పే మెలికల గీతలు లేవు, నున్నగా తొలిచేశారు. తూటాల పెట్టెలో చెక్కముక్క బిగించి, ఒకసారికి ఒక్క తూటాయే పట్టేట్టు చేశారు. అంటే సైన్యం వదిలేశాక కాపలావాళ్ల కోసం మార్చింది, చిన్న గుండ్లు పేల్చేది. దీంతో పులి మీదికి వెళ్తే, కథ చెప్పడానికి పులి ఒక్కటే మిగిలేది.

జొన్నరొట్టె, పుంటికూర పప్పు వడ్డించారు. తింటూ తింటూ ఈ మాటే అనేశాను. మాణిక్ రెడ్డి మొహం మాడిపోయింది. రొట్టెల గిన్నె నా ముందు నుంచి మెల్లగా జరిగిపోయింది. నాకు నిజంగానే బాధేసింది.

అప్పుడు అతని భార్య సుశీలమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. "పులి లేదని నాకెర్కే. కని తాత తర్వాత మా మామ దీన్ని పట్టుకోని పంట ఇంటికొచ్చేదాక మంచె దిగకపోయేటోడు. ఒక్కసారి పేలిస్తే పందులు మొగుడంపల్లి దాక ఉరికేటియి. గా జొన్నలు తినే నా పిల్లలు పెరిగిన్రు." భర్త వైపు తిరిగింది. "ఉండనియ్యి. కని దేవుని అర్రల వద్దు, నాగలి పక్కన పెట్టు."

ఇన్నేళ్లూ ఇలా కోసిన రైఫిల్ కనిపిస్తే, చెడగొట్టారని తిట్టుకునేవాణ్ని. ఆ రోజు సిగ్గేసింది. యుద్ధానికి పుట్టినదాన్ని కోసి, తొలిచి, చేను కాచే పనిముట్టు చేసుకున్నారు. నోటుపుస్తకంలో "చెడిపోయింది" అని రాసుకున్నది కొట్టేసి "పనికొచ్చింది" అని రాశాను.

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట: తుపాకిని లైసెన్సున్నవారి చేతుల్లోనే చూడండి. ఎన్నికల రోజుల్లో వెళ్లకండి, అది ఠాణాలో ఉంటుంది. మీ తీర్పు మాత్రం రెండో రొట్టె పళ్లెంలో పడ్డాకే చెప్పండి.