అన్న ఫొటో ముందు సీసా

పంక్చరు అతికే సొల్యూషన్ వాసన తగిలితే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మొన్న కంబదూరు దగ్గర బండి టైరులో గాలి పోయి, రోడ్డు పక్క అంగట్లో కూర్చున్నాను. అంగడివాడు ట్యూబు రుద్ది సొల్యూషన్ పూశాడు. ఆ వాసనకు తిప్పేస్వామన్న పక్కనే ఉన్నట్టనిపించి తల తిప్పి చూశాను కూడా. ఆయన పోయి ఏళ్లయింది. కళ్యాణదుర్గంలో ఆయనకూ ఇలాంటి అంగడే ఉండేది. అది బతుకుదెరువు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం, తాగుడు మానాలనుకునేవాళ్లను ఒకచోట చేర్చి మాట్లాడించేవాడు. తానూ ఒకప్పుడు మునిగి తేలినవాడే.

నేను బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను. తాగి తాగి, రాగితీగ చుట్టే చేతులు పొద్దున్నే వణకడం మొదలైంది. నా భార్య లక్ష్మీదేవి విసిగి పుట్టింటికి వెళ్లిపోయింది. అప్పుడు సర్కారు ఆసుపత్రి డాక్టరు ఈ మీటింగుల సంగతి చెప్పాడు. కుందుర్పి రోడ్డులో, ఒకప్పుడు పట్టుపురుగులు పెంచి వదిలేసిన షెడ్డులో జరిగేవి. రెండుసార్లు గుమ్మందాకా పోయి సిగ్గేసి తిరిగొచ్చాను. తాగి రోడ్డు మీద పడ్డప్పుడు లేని సిగ్గు, మానడానికి పోతుంటే ఎక్కడినుంచి వస్తుందో! మరో ఆదివారం బండిని దూరంగా విత్తనాల అంగడి ముందు పెట్టి, ఏమీ ఎరగనట్టు నడిచి వెళ్లాను. బయట నిలబడ్డ తిప్పేస్వామన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"బండి విత్తనాలంగడి కాడ పెట్టినావా అప్పా?"

"అవునన్నా. నీకెట్ల తెలుసు?"

"అందరూ ఆడే పెడతారు. మూసిన అంగడి ముందర అన్ని బండ్లుంటే, యాటికి పోతాండారో ఊరికంతా తెలుసు. రా లోపలికి."

అంతకుముందు నేను అయ్యప్ప మాల వేసుకున్నాను. మెడలో మాల ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టలేదు. తీసిన సాయంత్రమే మళ్లీ మొదలు. మా వైపు చాలామందికి మానడమంటే అంతే, దీక్ష పట్టడం, దీక్ష విడవడం. అందుకే మొదటి రోజే అడిగాను, "ఎన్నాళ్లు చేయాలన్నా ఇది?" అని. లోపల కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. "మాల వేసుకున్నోనికి తీసే రోజు ఉంటాదప్పా. మనకు మాలే లేదు. ఏం తీస్తావు?" అన్నాడు. ఆ మాటకు నాకు నిజంగా భయమేసింది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. వేరుశనగ మొక్కలోనే మాడింది. నా అంగట్లో బాగుచేసిన మోటార్లు పేరుకుపోయాయి, తీసుకుపోయే దిక్కు లేదు. నీళ్లే లేని బోరుకు మోటారెందుకు? ఒక సాయంత్రం వాటి మధ్య కూర్చోలేక తిప్పేస్వామన్న దగ్గరికి పరిగెత్తినంత పని చేశాను.

"అన్నా, తాగబుద్ధయితాండాది."

ట్యూబు మీంచి తల ఎత్తకుండానే, "నాకూ అయితాండాది," అన్నాడు.

"ఇన్నేళ్లయినా?"

"ఇన్నేళ్లయినా. కూచో. ఒగని మీద ఒగడు కన్నేసుంటే సరిపోతాది."

నాకు ఏడుపొచ్చింది. ఎప్పటికైనా ఈ కోరిక చస్తుందన్న ఆశతో ఉన్నాను మరి. కానీ ఆ పూట తాగలేదు. కొన్నాళ్లకు లక్ష్మీదేవి తిరిగొచ్చింది.

తిప్పేస్వామన్న మానడం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడ్డాయి. "నేను మానేసినానని లివరుకు ఎవురూ చెప్పినట్టు లేదప్పా," అని ఆసుపత్రి మంచం మీద కూడా నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు. వారం తిరక్కుండానే పోయాడు.

దినాలకు వెళ్లాను. మా వైపు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఫొటో ముందు పెట్టి, పూజయ్యాక అందరికీ పంచుతారు. ఆకులో వేటమాంసం, బజ్జీలు, పక్కన బ్రాందీ సీసా. పెట్టింది ఆయన తమ్ముడు ఎర్రిస్వామి. పాపం, ప్రేమతోనే పెట్టాడు. "ఇదంటే మా అన్నకు పానం," అని గ్లాసులో పోసి నాకే ముందు ఇచ్చాడు. "అన్న ప్రసాదమప్పా, వద్దనగూడదు."

నా చేయి గ్లాసు పట్టుకునే ఉంది. వాసనకు నోరూరింది, అబద్ధమెందుకు! వద్దంటే పోయినాయన్ను అవమానించినట్టు, తాగితే నా బతుకు మళ్లీ మొదటికి. "అన్న తాగుబోతు. నేనూ తాగుబోతునే. అందుకే వద్దు," అని కింద పెట్టేశాను.

"సచ్చినోన్ని తాగుబోతంటావా?" అని ఎర్రిస్వామి మీదికొచ్చాడు. వదిన మొగుడి ఫొటో వైపే చూస్తూ కూర్చుంది. నేను అన్నం తినకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చి లక్ష్మీదేవితో, "నేను పోతే నా ఫొటో ముందు అది పెట్టనీయొద్దు," అన్నాను.

"నీ తమ్ముళ్లు నా మాట ఇంటారా? చెప్పేదేదో బతికున్నప్పుడు నువ్వే చెప్పుకో," అంది.

మరుసటి రోజే తమ్ముళ్లను కూర్చోబెట్టి చెప్పాను. వాళ్లు పడీపడీ నవ్వారు. అన్నిటికీ మాట ఉన్న తిప్పేస్వామన్న, ఈ ఒక్క మాట ఎవరికీ చెప్పకుండా పోయాడు. అందుకే ఏటా పెద్దల అమావాస్య వచ్చిందంటే తమ్ముళ్ల దగ్గరికి పోయి మళ్లీ చెబుతాను. వాళ్లింకా నవ్వుతూనే ఉన్నారు.