ఎడమవైపు వెనక తలుపు ఈల

మా చిన్నప్పుడు మా కారు ఈల వేసేది...

హారన్ సంగతి కాదండీ నేను చెప్పేది. హారన్ అసలు మోగేదే కాదు, అది వేరే చరిత్ర. స్పీడు అరవై దాటగానే కిటికీల దగ్గర ఎక్కడి నుంచో సన్నగా "స్వీఈఈ..." అని మొదలయ్యేది. యాభైకి తగ్గించామా, ఏమీ ఎరగనట్టు నోరు మూసుకునేది.

మాది పర్చూరు పక్కన పల్లెటూరు. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన కొన్న మొదటి కారు అది... తెల్లది, సెకండ్ హ్యాండ్‌ది. పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, టైర్ల దాకా విడివిడిగా ప్రార్థన చేశారు.

అందరికంటే ఎక్కువ సంబరపడింది అమ్మ. ఆవిడ పుట్టిల్లు పొదిలి. బస్సెక్కితే వాంతులు. చేతిలో నిమ్మకాయ, ఒళ్లో ప్లాస్టిక్ కవరు... పుట్టింటి ప్రయాణం కాదు, శిక్ష. కారొచ్చాకే మా ఇంటి నిమ్మకాయలు మళ్లీ పులిహోరలోకి వెళ్లాయి.

కళ్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో మొదలైంది ఈ ఈల. కొన్న కొత్తలో లేదు. అదే నాన్నకి అర్థం కాలేదు. అర్థం కాని లెక్క ఇంట్లో ఉండటం ఆయనకి అవమానం.

"ఆదివారం లోపల ఈ గోల పోకపోతే, అమ్మినాయన ఇంటికే తోలుకెళ్లి అప్పజెప్పేస్తా. మళ్లీ బస్సే!" అని ప్రకటించాడు.

బస్సు అన్న మాటకే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అలా మొదలైంది విచారణ. ఇంట్లో మనుషులం నలుగురం, అభిప్రాయాలు ఐదు. వెనక తలుపని అమ్మ. ముందు అద్దమని నాన్న. నాకు వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. ఇక మా తాతయ్య, అంటే నాన్న వాళ్ల నాన్న, ఎప్పుడూ ఎడమవైపు వెనక సీట్లో కూర్చునే పెద్దమనిషి...

"కిటికీ కాదు, గాడిదగుడ్డు కాదు. ఇంజను ఏడుస్తోందిరా. పాత యజమాని గుర్తొచ్చుంటాడు."

నాన్న బ్రౌన్ టేపు తెచ్చాడు. మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, తన తలుపు ఒక్కటి వదిలేసి, మిగతా తలుపుల సందులన్నీ బయట నుంచి టేపుతో మూసేశాడు.

"ఏరా, మమ్మల్ని పార్సిల్ చేసి ఎక్కడికి పంపిస్తున్నావు?" అన్నాడు తాతయ్య.

"నాన్నా, కాసేపు మాట్లాడకు. వినాలి."

రోడ్డెక్కాం. అరవై... డెబ్బై... ఈల లేదు! ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. తర్వాత ఒక్కో తలుపు టేపు పీకడం, అరవై దాకా తోలడం, చెవులు రిక్కించడం. ఎడమవైపు వెనక తలుపు టేపు పీకగానే... స్వీఈఈ!

"నేను చెప్పలా!" అంది అమ్మ. ఆ గొంతులో ఉన్న ఆనందం నేను ఇంటర్ పాసైనప్పుడు కూడా వినలేదు.

దొంగ దొరికాడనుకున్నాం. నాన్న ఆ తలుపుకి కొత్త రబ్బరు వేయించాడు. ఈల పోలేదు. అమ్మ చేల్లోని పత్తి తెచ్చి సందులో కూరింది. ఈల కాస్తా హూంకారం అయింది. మాకు మతి పోయింది.

చివరికి నాన్న న్యూస్‌పేపర్ ముక్క తలుపు సందులో పెట్టి, తలుపేసి, లాగి చూశాడు. కిందంతా గట్టిగా పట్టుకుంది. పైన వెనక మూల మాత్రం కాగితం చక్కగా జారి వచ్చేసింది. అంటే రబ్బరు తప్పు కాదు... అద్దం చుట్టూ ఉన్న ఫ్రేమే బయటికి వంగింది. కానీ ఇనప ఫ్రేము దానంతటది ఎలా వంగుతుంది?

"నిజమేరా, ఎలా వంగుతుందీ?" అని అందరికంటే గట్టిగా ఆశ్చర్యపోయింది తాతయ్యే.

శనివారం సాయంత్రం నాన్న కారు కాగితాలు సంచిలో సర్దుకున్నాడు. అమ్మ నిమ్మకాయలు ఏరుతోంది. నేను నాన్న వెనకే వాకిట్లోకి వచ్చాను. ఇద్దరం అక్కడే ఆగిపోయాం.

ఎడమవైపు వెనక తలుపు బార్లా తీసి ఉంది. దాని ఫ్రేము పైమూలకి కొక్కెం. కొక్కేనికి స్ప్రింగు కాటా. కాటాకి వేలాడుతూ ఎండుమిరపకాయల బస్తా! తాతయ్య కళ్లజోడు సర్దుకుంటూ ముల్లు చూస్తున్నాడు. పక్కింటి మరియమ్మ అత్త సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా ఇది?" నాన్న గొంతు పీలగా వచ్చింది, అచ్చం కారులాగే.

"కాయలు ఎండినప్పటి నుంచీ. ఊళ్లో చుట్టాలందరికీ కారానికి నేనేగా తూచి ఇచ్చేది! దూలానికి వేస్తే ముల్లు కనపడి చావట్లేదు. ఇది నా ఎత్తుకి సరిగ్గా ఉంది. ఒరేయ్, ఇన్నాళ్లకి నీ కారు ఒక పనికొచ్చిందిరా!"

అమ్మ గుమ్మంలో నిలబడి వింది. అరుస్తుందనుకున్నాను. కొంగు అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది.

"ఇంక ఈ తలుపుకి కాటా పెట్టకు నాన్నా" అని నాన్న సంచి పక్కన పడేశాడు. ఫ్రేముకి తువ్వాలు చుట్టి, తలుపు మధ్యలో మోకాలు ఆనించి, పైభాగాన్ని మెల్లగా లోపలికి లాగాడు. కాగితం పెట్టి చూశాడు. కాస్త లాగాడు, మళ్లీ చూశాడు... చివరికి కాగితం చిరిగింది గానీ రాలేదు.

ఆదివారం చర్చి అవగానే పొదిలి బయల్దేరాం. అరవై, డెబ్బై, ఎనభై... చప్పుడు లేదు. అమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది, ఒళ్లో కవరు లేకుండా.

కాసేపటికి తాతయ్య గొణిగాడు... "ఏరా, మరీ ఇంత నిశ్శబ్దమేంటి? ఏదన్నా మాట్లాడండి."

ఇన్నాళ్లూ మేం మాట్లాడుకున్నదంతా ఆ ఈల గురించే. అది పోయాక ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. (వారం తర్వాత కాటా కుడివైపు తలుపుకి మారింది. "నువ్వు వద్దన్నది ఎడమదేగా" అన్నాడు తాతయ్య. మాటలకి లోటు తీరింది.)

మొన్న హైవే మీద నా కారులో సన్నగా ఈల వినిపించింది. పక్కన ఫ్రెండు చెయ్యి చాపి పాట సౌండు పెంచాడు. అంతే, సమస్య పరిష్కారం. అప్పుడు ఒక్క చప్పుడు కోసం నలుగురం ఊపిరి బిగబట్టి, ఒకే వైపు చెవులు పెట్టి కూర్చునేవాళ్లం... ఇప్పుడు ఎవరి చెవిలో వాళ్ల పాట.

ఇంతకీ మీ ఇంటి పాత బండి ఎక్కడి నుంచి కూసేది? వెనక సీట్లో అమాయకంగా కూర్చున్న ముద్దాయి ఎవరు? కింద రాయండి... వింటాను.