గరిక మీద కాలు పెట్టని మా అత్త

ఆదివారం పొద్దున ఏడింటికే గడ్డి కోసే మిషను బయటికి తీసినాను. ఎండ ముదిరితే తోయలేను. గేటు దగ్గర మొదలుపెట్టి నాలుగు అడుగులు తోసినానో లేదో, ముందు చక్రం గుంతలో దిగబడి కడ్డీ వచ్చి నా పొట్టకు తగిలింది. నిన్న సాయంత్రం అక్కడ గుంత లేదు. కంచమంత గుంత. పక్కనే గడ్డి పెరికి కుప్ప పెట్టి ఉంది. ఆ కుప్ప కూడా ఎంత ఒద్దికగా ఉందంటే, వేర్లన్నీ ఒక దిక్కుకు, ఆకులన్నీ ఒక దిక్కుకు.

"అత్తా," అన్నాను.

మా అత్త మెట్ల మీద కూర్చుని ఉగ్గానికి బొరుగులు నానబెడతా ఉంది. తల ఎత్తలేదు.

"నీకు ఎన్నిసార్లు సెప్పల్ల అత్తా?"

"నేనేం జేస్తిని మే. ఆడ గరిక ఉండె, తీస్తిని."

అక్కడ గరిక కాక ఇంకేం ఉంటుంది. అది లాను. మా ఆయన వేసిన లాను.

మా అత్త పేరు మద్దమ్మ. డెబ్బైకి దగ్గర పడింది. ఊరు హొళగుంద. మేముండేది ఆదోనిలో, ఎమ్మిగనూరు రోడ్డు పక్క లేఅవుట్లో. మా ఆయన పోయి ఏడు నెలలైంది. పదకొండో రోజు అయినాక అందరూ వెళ్ళిపోయినారు, ఆమె మాత్రం ఒక ట్రంకు పెట్టె, ఒక తొలిక తెచ్చుకుని నా దగ్గరే ఉండిపోయింది. తొలిక అంటే కలుపు తీసే చిన్న పార. కొడుకు ఇంట్లో చేను లేదు, చెలక లేదు. తొలిక ఎందుకని నాకు అప్పుడే అనుమానం రావలసింది.

ఆమె బతుకంతా గరికతోనే గడిచింది. హొళగుంద పక్కన నల్లరేగడి నేలలు. ఆ నేలలో గరిక పడితే పత్తి రాదు, జొన్న రాదు. ఎడ్లు కట్టి గుంటక తోలితే ఇంకా పెరుగుతుంది, తెగిన ప్రతి ముక్కా మళ్ళా మొలుస్తుంది. అందుకని ఎండాకాలం నేల బీటలిచ్చినప్పుడు రైతులు కూలోళ్ళను పెట్టి మొలలోతు తవ్వించి, వేర్లు ఏరించి, గట్టు మీద ఎండబెట్టించి కాల్పిస్తారు. మా మామ చిన్న వయసులోనే పోయినాడు. అప్పట్నుంచి ముప్పై ఎండాకాలాలు మా అత్త గడ్డపార పట్టుకుని ఆ గుంపులో పోయింది. మా ఆయన్ను గట్టు మీద గోనెసంచి నీడలో పడుకోబెట్టి తవ్వేదంట. బడిలో వేసింది ఆ కూలితోనే, ఐటిఐ చదివించింది ఆ కూలితోనే.

ఆ కొడుకు పోయి గరిక పెంచినాడు.

మా ఆయన జిన్నింగ్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. ఒకసారి బళ్ళారిలో ఒక షావుకారి గెస్ట్‌హౌస్‌లో మోటరు బాగుచేయడానికి పోయి, ఆ ముందర ఉండే లాను చూసి వచ్చినాడు. ఇంక అదే మాట. ఇల్లు కట్టినాక ముందర మిగిలిన జాగాలో కొబ్బరిచెట్టన్నా పెట్టుకుందామంటే వినలేదు. నీళ్ళు నాలుగు రోజులకొకసారి వచ్చే చోట లాను. నర్సరీ గడ్డి తెచ్చి పరిచినాడు. అది మొదటి ఎండాకాలమే చచ్చిపోయింది. దాని చోట నేలలో ఉన్న మన గరికే మొలిచింది. ఆయన ఏం బాధపడలేదు. "ఏదైతేనేం, పచ్చగుంది," అన్నాడు. బట్టలు ఉతికిన నీళ్ళన్నీ నాతో దానికే పోయించేవాడు. యాడనో పాత మిషను తెచ్చి ప్రతి ఆదివారం లుంగీ ఎగగట్టి తోసేవాడు. కోసినాక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మధ్యలో కూర్చుని టీ అడిగేవాడు.

అప్పుడు మా అత్త పండక్కో పబ్బానికో వచ్చేది. గేటు తీసినాక గడ్డి తొక్కకుండా కాంపౌండు గోడ అంచు పట్టుకుని, సందులో పక్కకు నడుచుకుంటా ఇంట్లోకి వచ్చేది. ఆరేండ్లు అట్లనే వచ్చింది.

"అమ్మా, అది కరవదులే, నడువు," అని ఈయన నవ్వేవాడు.

"అది నన్ను ముప్పై ఏండ్లు కరిసింది, నీకేం తెలుసు," అనేది.

ఆయన కొన్న సామాన్లు ఇంట్లో చాలా ఉన్నాయి. ఫ్రిజ్జు ఉంది, బీరువా ఉంది. ఆయన చేత్తో చేసింది మాత్రం ఆ గడ్డి ఒక్కటే. అది ఆయన ఉంచినట్టే ఉండాలని నా పట్టు. ఒకసారి కూలిమనిషిని పెడితే కొడవలితో అక్కడక్కడ బోడి చేసి పోయినాడు. అందుకని నేనే తోయడం నేర్చుకున్నాను. రోడ్డున పోయేవాళ్ళు స్కూటరు ఆపి చూస్తారు. చూడనీ. బ్లేడు పదును పెట్టడానికి వెల్డింగ్ షాపు హుసేనప్ప దగ్గరికి తీసుకుపోతే, "ఈ మిషనుకు పదును పెట్టడం ఈ పక్కంతా నాకొక్కనికే తెలుసమ్మా. ఎందుకంటే ఇంకెవరి దగ్గరా లేదు," అన్నాడు.

నేను ఒక పక్క కోస్తుంటే, మా అత్త ఇంకో పక్క తవ్వుతుంది. ఇదీ మా ఇద్దరి సంసారం. గోడవారగా నిలబడి, కాలు గడ్డి మీద పడకుండా వంగి, అందినంత మేర తొలికతో పెరుకుతుంది. పైనుంచి నాకు బుద్ధి చెబుతుంది.

"గొరిగేకొద్దీ బలుస్తాది మే. వేరు తియ్యల్ల."

"అది పెరగాలనే కోస్తాండాను అత్తా."

"పెరిగేదానికి కోస్తారా ఎవరన్నా?"

నేను మిషను ముందుకు తోస్తాను.

పక్కింటి కృపమ్మకు మా రచ్చే కాలక్షేపం. ఆమెకొక మేక ఉంది. పెరికిన గడ్డీ దానికే, కోసిన గడ్డీ దానికే. గోడ మీద మోచేతులు పెట్టుకుని చూస్తుంది.

"మద్దమ్మత్తా, తవ్వేది తవ్వుతావు, తుగ్గలి పక్కకన్నా పో. వజ్రం దొరుకుతాదేమో. ఈడ కోడలి తిట్లే గదా దొరికేది."

"నీ మేక బలిసింది సాల్లే," అంటుంది మా అత్త.

ఎండాకాలంలో కరివేపాకు చెట్టు మొదట్లో ఒక గరిక పోచ మొలిచింది. ఒక్కటే పోచ. మా అత్త గడ్డపార తీసుకుని మోకాలి లోతు తవ్వింది. వేరు తెగకుండా బావిలో చేదను లాగినట్టు మెల్లిగా లాగింది. మూరెడు పైన వచ్చింది. మూడు రోజులు బండ మీద ఎండబెట్టి, కాల్చి, బూడిద కూడా మోరీలో పోసింది. "ముక్కలు సేసి ఇడిస్తే కణుపుకొకటి లేస్తాది. ఒక్క కణుపు మిగిల్నా సంసారం పెడతాది," అంది. కరివేపాకు చెట్టు మాత్రం చచ్చింది.

ఆ తర్వాత ఎమ్మిగనూరులో మా చెల్లెలు మహేశ్వరికి కాలు విరిగింది. మూడు రోజులు పోయి ఉండాల్సి వచ్చింది. పోయేముందు తొలిక తీసి బీరువా వెనక దాచినాను. గడ్డపార సంగతి మరిచిపోయినాను.

నాలుగో రోజు బస్సు దిగి వచ్చి గేటు తీస్తే పచ్చగా ఒక్క పోచ లేదు. గోడ నుంచి గోడ దాకా నల్లటి మట్టి పెళ్ళలు. ఆయన కుర్చీని ఒక మూలకు పెట్టింది.

అరవడం నాకు రాదు. సంచి కింద పెట్టి అక్కడే నిలబడినాను. మా అత్త వాకిట్లో కూర్చుని ఉంది. చేతులకు బొబ్బలు, వాటికి పసుపు.

"పోయింది మే. ఇంక నువ్వు ఆ బండి తొయ్యాల్సిన పని ల్యా."

"ఎవరు తియ్యమన్నారు నిన్ను?"

అరచేతుల్లో పసుపు సర్దుకుంది. తర్వాత చెప్పింది. "ఆదివారమొస్తే ఆ బండి సప్పుడుకు నాకు మెలకువ వస్తాది. వాడు తోస్తాండేటట్టే ఉంటాది. లేసి బయటికొచ్చి సూస్తే నువ్వు."

నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. పదకొండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె రొట్టె చేసింది, నేను తిన్నాను. నేను కాఫీ పెట్టినాను, ఆమె తాగింది. ఆమె బాధ నాకు తెలియక కాదు. తెలిసి కూడా కోపం పోలేదు. నాకూ ఆ చప్పుడు కావాలి, ఆమెకు వద్దు. ఇంట్లో ఉండేది ఇద్దరం. ఏం చెయ్యాలి.

తర్వాత వాన పడింది. రెండు రోజులు బాగా పడింది. వారానికి బయటికి వస్తే పెళ్ళల సందుల్లో సూదుల్లాగ పచ్చగా మొలకలు. ఒక చోట కాదు, అంతటా. ముందు బోడిగా ఉన్న చోట కూడా ఉన్నాయి.

ముందు నాకు అర్థం కాలేదు. మద్దమ్మ తవ్విన నేలలో గరిక మొలవడమా. వంగి ఒక పెళ్ళ ఎత్తి చూసినాను. జానెడు లోతు కూడా లేదు. పైపైన తిరగేసింది, అంతే. గడ్డి అంతా ముక్కలు ముక్కలై మట్టిలోనే ఉంది. అప్పుడు గుర్తుకొచ్చింది. నేను వచ్చిన రోజు కుప్ప లేదు. కాల్చిన మచ్చ లేదు. అంత జాగా తవ్వితే గంపలకొద్దీ వేర్లు రావాలి.

గోడ అవతల కృపమ్మను అడిగినాను. "నా మేకకు ఒక్క గంపన్నా ఇయ్యలేదక్కా మీ అత్త. అడిగితే, ల్యా పో అన్నాది," అంది.

ఒక్క పోచకు మోకాలి లోతు తవ్విన మనిషి. ముక్కలు చేసి వదిలితే ఏమవుతుందో నాకు చెప్పిందే ఆమె.

లోపలికి వచ్చినాను. బియ్యం చేట ముందర పెట్టుకుని మెరికలు ఏరుతా ఉంది.

"అత్తా, వేర్లు తియ్యలేదే?"

"నడుము పట్టుకున్యాది."

"ఏరను కూడా లేదే?"

"కండ్లు కనపడలేదు మే, పొద్దు గూకింది," అంటా, నాకు కనపడని మెరిక ఒకటి తీసి బయటికి విసిరింది.

నేను చేటకు ఇంకో పక్క కూర్చున్నాను. ఇద్దరం కలిసి బియ్యం ఏరినాము.

ఇప్పుడు గడ్డి ముందుకన్నా మూడింతలు ఒత్తుగా లేచింది. నేల మాత్రం ఎగుడు దిగుడు. మొన్న ఆదివారం మిషను తీస్తే, రెండు అడుగులకొకసారి పెళ్ళకు తట్టుకుని ఆగిపోతుంది. వెనక్కి లాగి, పెళ్ళ చితగ్గొట్టి, మళ్ళా తోసి, మళ్ళా ఆగి, నాకు ఏడుపొచ్చినంత పనైంది. చప్పుడుకు మా అత్త లేచి వచ్చింది. గోడ పట్టుకుని చూసింది. నేను తోయడం ఆపినాను.

"ఏం, నిలబడితివి?" అంది.

చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, గోడ వదిలిపెట్టి, నేరుగా గడ్డిలోకి వచ్చింది. చెప్పులు లేవు. నా మిషనుకు ముందర నడుచుకుంటా, మడిమతో పెళ్ళలు చితక్కొట్టుకుంటా, రాళ్ళు ఏరి గోడవతలికి విసురుకుంటా పోయింది. ఒక రాయి మేక దగ్గర పడినట్టుంది, కృపమ్మ ఏదో అనింది.

సాయం చేస్తే చేసింది, ఊరికే ఉంటుందా. "వంకర పోతాండావు మే." "ఆ మూల ఇడిసినావు." "వాడు అడ్డంగా తోసేటోడు, నిలువుకు కాదు." ఆరేండ్లు ఆ గడ్డి వైపు మొహం తిప్పని మనిషికి, ఆయన అడ్డంగా తోసేవాడని ఎట్ల తెలుసు. ఇప్పటిదాకా తవ్వుతుందని నా బాధ. ఇంక ప్రతి ఆదివారం ఆమె చెప్పినట్టు కొయ్యాలి కాబోలు.

మిషను తిప్పి అడ్డంగా తోసినాను. మూడో అడుగులో మళ్ళా కంచమంత గుంతలో దిగబడింది. నేను ఆమెను చూసినాను. ఆమె మబ్బు దిక్కు చూసింది.

"వాన వచ్చేట్టుంది. బిరబిర తోయి మే," అంది.