ఆస్ట్రేలియాలో నా బోణీ

నెల్లూరు పక్కన బుచ్చిలో మాది బియ్యం కొట్టు. నాన్న పోయాక అక్క నడుపుతోంది. ఆ బస్తాల మధ్య నుంచి తప్పించుకోవడానికే నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను. ఆరేళ్ళు నెల్లూరు సముద్రతీరంలో, చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళకు పోయే రోడ్ల మీద కల్వర్టులు కట్టించాను. రోడ్డు కింద నుంచి కాలువ నీళ్ళు పోవడానికి కట్టే చిన్న వంతెనలు అవి. తర్వాత మా ఆయనకు ఆస్ట్రేలియాలో, సముద్రం పక్కనే ఉన్న ఒక చిన్న ఊళ్ళో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆయన వెంట నేనూ వెళ్ళాను. వెళ్ళి ఏం చేశానంటే, ఇండియన్ స్టోర్లో బియ్యం సంచులు సర్దాను.

ఇంజనీరు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టని వారం లేదు. జవాబులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి. మీ అనుభవం బాగుంది, కానీ ఇక్కడి అనుభవం లేదు. ఎవరూ పని ఇవ్వకపోతే ఇక్కడి అనుభవం ఎక్కణ్ణుంచి తేవాలో మాత్రం ఒక్కరూ రాయలేదు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే నా ఆరేళ్ళ పని పాతబడిపోతుంది. నేను ఇంజనీరునని చెప్పుకోవడానికి నాకే మొహం చెల్లదు. ఆ భయంలో ఉండగా మొదటి ఇంటర్వ్యూ వచ్చింది.

అక్కడ నేను చేసిన పని కొట్లో పెరిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. మా దగ్గర పొద్దున్నే వచ్చిన మొదటి మనిషిని ఉత్త చేతులతో పంపరు. కాస్త తగ్గించైనా సరే బోణీ చేయించుకుంటారు. ఈ దేశంలో నాకిది బోణీయే కదా అనుకుని, వాళ్ళు జీతం మాట ఎత్తకముందే, సగం జీతానికి చేస్తానని చెప్పేశాను. చాలా తెలివిగా మాట్లాడినట్టు నవ్వాను కూడా. ఎదురుగా ఉన్నాయన పెన్ను మూత పెట్టేశాడు.

రెండు రోజుల్లో ఉద్యోగం లేదని తెలిసింది. అక్కకు ఫోన్ చేశాను.

"సగానికి దించినావా?" అంది.

"బోణీ గదా అని..."

"నీ మొకం. బోణీ బేరం మనల్ని ఎరిగిన బజార్లో మేయ్. మొకం తెలీని చోట అడక్కముందే సగానికి దించితే బియ్యంలో పురుగుందనుకుంటారు. నేనైనా అట్నే అనుకుంటా. మచ్చు చూపించినావా?"

"ఏం మచ్చు అక్కా, కల్వర్టును సంచిలో ఏసుకోని పోతానా?"

"ఇంజనీరు నువ్వా, నేనా?" అని పెట్టేసింది. కొట్లోకి ఎవరో వచ్చినట్టున్నారు.

మచ్చు అంటే నమూనా. బియ్యం కొనేవాడు బస్తా మీది పేరు చూసి మోసపోడు. అక్క ఇనుప గొట్టంతో బస్తాను గుచ్చి, నడిమి నుంచి గింజలు తీసి, అతని అరచేతిలో పోస్తుంది. అతను నాలుగు గింజలు కొరికి చూస్తాడు. ఏ ఊరి పంట అని అప్పటిదాకా అడిగినవాడు ఇక అడగడు.

ఆ శనివారం నుంచి ఆ ఊరి కల్వర్టులన్నీ తిరిగాను. బీచ్ రోడ్డు కింద ఉన్నదానిలోకి, నీళ్ళు తగ్గినప్పుడు దిగి చూశాను. స్లాబు అడుగున తుప్పు మరకలు, నెల్లూరు తీరంలో నేను ఆరేళ్ళూ చూసినవే. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, మా జిల్లా మనిషి కనబడినట్టే. ఉప్పు నీరు కాంక్రీటులోకి దిగి లోపలి కడ్డీకి తుప్పు పట్టిస్తే, ఆ కడ్డీ ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంది. పైన రోడ్డు మాత్రం నున్నగానే ఉంటుంది. చిన్న సుత్తితో తడితే డొల్లగా మోగింది. ఎక్కడెక్కడ మోగిందో గుర్తు పెట్టుకుని, ఫోటోలు తీసి, కారణమేమిటి, ఏం చేయాలి అని రెండు పేజీలు రాశాను.

కొన్నాళ్ళకు ఆ ఊరి మునిసిపాలిటీయే ఇంజనీరు కావాలని ప్రకటన వేసింది. ఇంటర్వ్యూకు మూడు వేళలు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. నేను ఆటుపోట్ల పట్టిక చూసి, నీళ్ళు తగ్గే వేళ ఎంచుకున్నాను.

నెరిసిన జుట్టుతో ఉన్న పెద్ద ఇంజనీరు గారు, ఆవిడ పక్కన ఒక కుర్ర అధికారి. ఇక్కడి అనుభవం ఉందా అని ఆవిడ అడిగింది. ఉందని చెప్పి రెండు పేజీలు ముందు పెట్టాను.

"ఆ కల్వర్టును మేం చూసి ఏడాది కాలేదు. బాగానే ఉంది" అన్నాడు కుర్రాయన.

"రోడ్డు మీద నిలబడి చూశారా, కిందికి దిగి చూశారా?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన కాగితాల వైపు చూశాడు.

"ఇప్పుడు దిగొచ్చా?" అంది ఆవిడ.

"ఇంకో గంట దాకా దిగొచ్చండి."

ముగ్గురం వెళ్ళాం. నా హ్యాండ్‌బ్యాగులోంచి సుత్తి తీసి ఇస్తే ఆవిడ కనుబొమలు లేచాయి. ఒక చోట తట్టింది. జరిగి ఇంకో చోట తట్టింది. మూడోసారి ఎత్తిన సుత్తిని అలాగే దించేసింది. గింజ కొరికి చూసిన మొహం అది. మా కొట్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

తర్వాతి వారం ఆవిడే ఫోన్ చేసింది. ముందు ఆరు నెలలు తక్కువ జీతానికి సహాయకురాలిగా చేరమంది. ఎవరైనా తక్కువకు అడిగితే అక్క మాట్లాడదు, తక్కెడ తుడుచుకుంటూ కూర్చుంటుంది. నా దగ్గర తక్కెడ లేదు కాబట్టి గ్యాస్ పొయ్యి తుడిచాను. అవతల ఆవిడ గొంతు సవరించుకున్నాక చెప్పాను: ప్రకటనలో వేసిన జీతమే ఇవ్వండి, చేసేది ఇంజనీరు పని కాబట్టి పేరు కూడా ఇంజనీరనే రాయండి.

పొయ్యి మెరిసిపోయే వేళకు "సరే" అంది.

బేరం కుదిరాక పైన ఇంకో పిడికెడు కొసరు అడగకపోతే బుచ్చిలో పెరిగి దండగ. మొదటి పనిగా ఆ బీచ్ రోడ్డు కల్వర్టునే నాకివ్వమన్నాను. ఆవిడ నవ్వి, అది ఎలాగూ మీకే అంది.

అక్కకు చెప్పాను. ఉద్యోగం వచ్చిందంటే ఊఁ అంది, అంతే.

"కొసరు అడిగినావా?"

"అడిగినా. ఎట్టాగూ ఇచ్చేదాన్నే అడిగినానంట."

"అయితే అది కొసరెట్టా అవుద్ది మేయ్? ఇంకోటి అడుగు."

సోమవారం ఇంజనీరుగా చేరుతూనే నీళ్ళలో దిగడానికి బూట్లు అడిగాను. నా కాలి సైజు వాళ్ళ దగ్గర లేదు. నా కోసమే తెప్పించారు.